ఉత్తరం రాసిన కుర్రాడు, జవాబిచ్చిన కవి

1902 శరదృతువు చివరి రోజులు. ఆస్ట్రియా రాజధాని వియన్నాకు దక్షిణాన ఉన్న వీనర్ నోయ్‌స్టాట్ పట్టణంలో ఒక సైనిక అకాడమీ. దాని తోటలో, ముసలి చెస్ట్‌నట్ చెట్ల కింద పంతొమ్మిదేళ్ల క్యాడెట్ ఒకడు కవితల పుస్తకం చదువుకుంటున్నాడు. పక్కకు ఎవరు వచ్చిందీ గమనించనంతగా అందులో మునిగిపోయాడు. వచ్చినాయన అకాడమీ మతగురువు, అధ్యాపకుడు హొరాచెక్. ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట మీది పేరు చూశాడు. ఒక్క క్షణం ఆలోచించి, అయితే ఆ పిల్లవాడు కవి అయ్యాడన్నమాట అని తనలో తాను అనుకున్నట్లు తల ఊపాడు.

పదిహేనేళ్ల కిందట సంక్ట్ పోల్టెన్ సైనిక పాఠశాలలో హొరాచెక్ పనిచేసేటప్పుడు అక్కడ చదివిన పిల్లవాడు అతడు. సన్నగా, పాలిపోయిన ముఖంతో ఉండేవాడు. ఎవరితోనూ కలిసేవాడు కాదు. తల్లిదండ్రులు సైనికాధికారిని చేద్దామని పంపారు. హాస్టల్ బతుకును కొంతకాలం ఓర్చుకున్నాడు, ఆ తర్వాత ఓర్చుకోలేక ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పిల్లవాడే ఇప్పుడీ పుస్తకం రాసిన రైనర్ మరియా రిల్కే.

చెట్టు కింద కూర్చున్న క్యాడెట్ పేరు ఫ్రాంజ్ గ్జేవర్ కప్పస్. అతడూ రహస్యంగా పద్యాలు రాసుకునేవాడే. తనకు ఇష్టం లేని ఉద్యోగం గుమ్మంలో నిలబడి ఉన్నవాడే. తన మనసు ఎవరికైనా అర్థమయితే అది ఈ కవికే అర్థమవుతుందని అతనికి అనిపించింది. పద్యాలకు ఒక ఉత్తరం జతచేసి పంపాడు. ఇంతకు ముందు ఏ మనిషికీ చెప్పుకోనంతగా ఆ ఉత్తరంలో తన గోడు చెప్పుకున్నాడు.

జవాబు రావడానికి చాలా వారాలు పట్టింది. వచ్చింది మాత్రం తేలిక జవాబు కాదు. 1903 ఫిబ్రవరి 17న పారిస్ నుంచి మొదలైన ఆ ఉత్తరాలు 1908 డిసెంబర్ 26 దాకా సాగాయి. మొత్తం పది. ఈ రోజు ప్రపంచంలోని అనేక భాషల్లో, రాయాలనుకునే యువతీయువకులు మొదట చదివే పుస్తకాల్లో అవీ ఉన్నాయి. కాని మన బడుల తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఆ ఉత్తరాల కన్నా ముందు వాటిని రాసిన మనిషి బాల్యం తెలియాలి. ఎందుకంటే ఆయనా, ఉత్తరం రాసిన కుర్రాడూ ఇద్దరూ చుట్టుపక్కల మరో భాష మాట్లాడే ఊళ్లలో పుట్టి పెరిగినవారే.

చెక్ నగరంలో జర్మన్ పిల్లవాడు

రిల్కే 1875 డిసెంబర్ 4న ప్రాగ్ నగరంలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని బొహీమియాకు ముఖ్య నగరం. ఇప్పుడు చెక్ దేశ రాజధాని. ఊళ్లో అత్యధికులు చెక్ మాట్లాడేవారు. రిల్కే కుటుంబం జర్మన్ మాట్లాడే అల్పసంఖ్యాకుల్లోది. అయితే వారి పరిస్థితి మన పరిస్థితి వంటిదని అనుకోకూడదు. జర్మన్ సామ్రాజ్యాన్ని ఏలేవారి భాష. దానికి అధికారం ఉంది, పదవులు ఉన్నాయి. లేనిది వీధి. బజారులో, పనివాళ్ల ఇళ్లలో, ఆటల్లో వినపడేది చెక్. 1882లో ప్రాగ్ విశ్వవిద్యాలయాన్ని కూడా జర్మన్, చెక్ అని రెండుగా విడదీశారు. ఒకే ఊరిలో రెండు లోకాలు పక్కపక్కనే నడిచేవి.

ఇటువంటి చోట పెరిగే పిల్లల భాషకు ఏమవుతుందో మనకు తెలుసు. ఇంటి మాట ఉంటుంది, బడి మాట ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఉండవలసిన సామెతలు, తిట్లు, పాటలు, బేరసారాల మాటలు పలచబడతాయి. పెద్దయ్యాక రిల్కేకూ ఈ లోటు తెలిసివచ్చింది. తన ఊరి జర్మన్ కలగాపులగపు భాష అని, చిన్నప్పుడు దానితో పెరగడం కవికి నష్టమని తర్వాత ఒక పండితుడికి రాసిన ఉత్తరంలో వాపోయాడు. వాపోయి ఊరుకోలేదు. గ్రిమ్ సోదరులు మొదలుపెట్టిన జర్మన్ మహానిఘంటువును దగ్గర పెట్టుకుని పదాలు నేర్చుకోవాలని తలపెట్టాడు. అప్పటికే పుస్తకాలు అచ్చయిన కవి, తన మాతృభాషను విద్యార్థిలా మళ్లీ చదవాలనుకున్నాడు.

పొరుగు భాష మీద ఆయనకు చిన్నచూపు లేదు. ప్రాగ్ నగరం మీద రాసిన తొలినాటి కవితల సంపుటిలో చెక్ మాటలు వస్తాయి, చెక్ జానపద గీతాల మీద ప్రేమ కనిపిస్తుంది. తన భాషను గట్టిగా పట్టుకోవాలంటే పక్కవాడి భాషకు చెవులు మూసుకోవాలన్న నియమం ఆయన పెట్టుకోలేదు.

తండ్రి కల, కొడుకు ఒళ్లు

తండ్రి యోసెఫ్ సైన్యంలో చేరాడు. పెద్ద అధికారి కావాలనుకున్నాడు, కాలేకపోయాడు. చివరికి రైల్వేలో ఉద్యోగిగా మిగిలాడు. తల్లి సోఫీ కలిగిన ఇంటి పిల్ల. కొడుకుకు ముందు పుట్టిన ఆడపిల్ల పసిగుడ్డుగానే చనిపోయింది. ఆ దుఃఖం తీరక తల్లి కొడుకుకు కొన్నేళ్లపాటు ఆడపిల్ల బట్టలు తొడిగి పెంచింది. కవిత్వం మీద ఇష్టం ఆమె నుంచే వచ్చింది. 1884లో తల్లిదండ్రులు విడిపోయారు. పిల్లవాడికి అప్పుడు ఎనిమిదేళ్లు.

1886లో, పదేళ్ల వయసులో, అతడిని సంక్ట్ పోల్టెన్ సైనిక పాఠశాలలో చేర్చారు. తనకు దక్కని అధికారి పదవి కొడుకుకు దక్కాలన్నది తండ్రి కోరిక. చదువు ఖర్చు తప్పుతుందన్నదీ ఒక ఆలోచన. ఆ తండ్రి చెడ్డవాడు కాదు. తనకు తెలిసిన గౌరవమైన బతుకు అదొక్కటే, దాన్నే కొడుక్కి ఇవ్వాలనుకున్నాడు. కాని ఇంట్లో బొమ్మలతో ఆడుకుంటూ పెరిగిన పిల్లవాడు ఒక్కసారిగా వందలమంది మొరటు పిల్లల మధ్య పడ్డాడు. నాలుగేళ్లు అక్కడ, ఆ తర్వాత మొరేవియాలోని పై తరగతుల సైనిక పాఠశాలలో మరి కొన్ని నెలలు. ఆరోగ్యం చెడి 1891లో బయటపడ్డాడు.

ఆ ఐదేళ్ల గాయం ఎంత లోతైనదో ముప్పై ఏళ్ల తర్వాత బయటపడింది. 1920లో, సంక్ట్ పోల్టెన్‌లో తనకు జర్మన్ భాష చెప్పిన మాజీ ఉపాధ్యాయుడు, అప్పటికి సైన్యంలో జనరల్ హోదా పొందినవాడు, తన పాత శిష్యుడు గొప్ప కవి అయ్యాడని విని ఆనందంగా ఉత్తరం రాశాడు. నలభై అయిదేళ్ల రిల్కే మర్యాదగానే జవాబిచ్చాడు, కాని నిజం దాచలేదు. ఆ బడి తన బాల్యాన్ని ఎలా నలిపిందో, దాని జ్ఞాపకాలను పక్కన పెట్టకపోతే తాను బతికి ఉండేవాడే కాదని ఆ వృద్ధుడికి వివరంగా రాశాడు. ఉపాధ్యాయుడికి అందులో చెడ్డ ఉద్దేశం ఏనాడూ ఉండి ఉండదు. పిల్లవాడు లోపల ఏమవుతున్నాడో ఆయన గమనించలేదు, అంతే. బడి నడిపే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవడం మంచిది.

సైనిక పాఠశాల తర్వాత లింజ్ పట్టణంలో వాణిజ్య విద్యలో చేర్చారు. అదీ సాగలేదు. అప్పుడు న్యాయవాది అయిన పెదనాన్న యారోస్లావ్ ముందుకు వచ్చాడు. తన వృత్తిని ఈ కుర్రాడు అందుకుంటాడన్న ఆశతో ప్రైవేటుగా చదవడానికి నెలనెలా డబ్బు ఏర్పాటు చేశాడు. తరగతుల్లో వెనకబడ్డాడనుకున్న ఆ పిల్లవాడు తన ఇంట్లో, తన వేగంతో చదివి 1895లో మెట్రిక్ వంటి పరీక్షలో మంచి శ్రేణిలో నెగ్గాడు. న్యాయవాది మాత్రం కాలేదు.

తొందరపడ్డ కుర్రకవి

పెద్దయ్యాక ఓర్పు గురించి అంత గొప్పగా రాసిన రిల్కే, కుర్రతనంలో ఓర్పు లేనివాడు. 1894లో, పంతొమ్మిదేళ్లు నిండకముందే మొదటి పుస్తకం వేయించుకున్నాడు. తర్వాత దాన్ని తన రచనల్లో చేర్చుకోవడానికి కూడా ఇష్టపడలేదు. పత్రికలకు విరివిగా పంపేవాడు. ఎరిగిన పెద్దలందరికీ ఉత్తరాలు రాసేవాడు. 1896లో తన కవితలతో చిన్న పత్రిక అచ్చు వేయించి, ప్రజలకు ఉచితంగా పంచాడు. గుర్తింపు కోసం తహతహలాడే కుర్రాడు ఎలా ఉంటాడో కప్పస్‌కు చెప్పడానికి ఆయనకు ఊహ అవసరం లేకపోయింది. తానే అలా ఉన్నాడు.

మార్పు మెల్లగా వచ్చింది. 1897లో మ్యూనిక్‌లో లూ ఆండ్రియాస్ సలోమే అనే రచయిత్రి పరిచయమయ్యింది. ఆయన కన్నా పద్నాలుగేళ్లు పెద్దది, రష్యాలో పుట్టినది, విస్తారంగా చదువుకున్నది. రెనే అన్న ఆయన పేరు రైనర్‌గా మారింది ఆమె వల్లనే. ఆయన రాతల్లోని అతిని ఆమె మొహమాటం లేకుండా ఎత్తిచూపింది. 1899, 1900 సంవత్సరాల్లో ఆమెతో రెండుసార్లు రష్యా వెళ్లాడు. రష్యన్ నేర్చుకున్నాడు. టాల్‌స్టాయ్‌ను కలిశాడు.

1901లో శిల్పి క్లారా వెస్ట్‌హాఫ్‌ను పెళ్లాడాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో కూతురు రూత్ పుట్టింది. మరుసటి ఏడాది పెద్దనాన్న కుటుంబం నుంచి వస్తున్న కొద్దిపాటి సాయం ఆగిపోయింది. ఇల్లు గడవడం కష్టమయ్యింది. ఫ్రెంచి శిల్పి ఒగుస్త్ రోదా మీద పుస్తకం రాసే పని దొరికితే 1902 ఆగస్టు చివరలో పారిస్ చేరాడు. పసిపిల్లను అమ్మమ్మ ఇంట వదిలారు. ఆ సంసారం మళ్లీ ఒక చోట నిలదొక్కుకోలేదు. కళ కోసం ఆయన ఎన్నుకున్న ఏకాంతానికి భార్యా కూతురూ కూడా మూల్యం చెల్లించారన్నది ఆయన జీవితం చెప్పేటప్పుడు దాచకూడని విషయం.

రోదా దగ్గర ఆయన ఒకటి చూశాడు. అరవై దాటిన ఆ శిల్పి ఉత్సాహం వచ్చేదాకా ఆగేవాడు కాదు. రోజూ పొద్దున్నే పనిలో దిగేవాడు. ఎలా బతకాలని అడిగితే పని చేస్తూ ఉండాలని చెప్పేవాడు. రాయిని, చేతిని, మెడ వంపును గంటల తరబడి చూసేవాడు. రిల్కేకు అది కొత్త బడి అయ్యింది. పారిస్‌లోని జంతుశాలకు వెళ్లి బోనులోని జంతువుల ముందు నిలబడి చూడడం మొదలుపెట్టాడు. అక్కడి చిరుత మీద రాసిన పన్నెండు పాదాల కవిత ఇవాళ్టికీ జర్మన్ బడి పుస్తకాల్లో ఉంటుంది. అంతకుముందు తన మనసు గురించే రాసుకున్న కుర్రాడు, తన ముందున్నదాన్ని చూసి రాయడం నేర్చుకున్నాడు.

సరిగ్గా ఈ రోజుల్లోనే కప్పస్ ఉత్తరం చేరింది. అంటే, సలహా ఇచ్చినాయనకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. చేతిలో డబ్బు లేదు. ఇల్లు లేదు. తానే ఒక గురువు దగ్గర శిష్యుడు. ఆయన్ను గొప్పవాణ్ని చేసిన పుస్తకాలు ఇంకా రాలేదు.

పది ఉత్తరాల్లో ఏముంది

కప్పస్ అడిగింది మనం అందరం అడిగేదే. నా పద్యాలు బాగున్నాయా? రిల్కే ఆ ప్రశ్నకు మార్కులు వేయలేదు. అలాగని పొగిడి పంపనూ లేదు. పద్యాలకు ఇంకా సొంత గొంతు రాలేదని, అక్కడక్కడ ఏదో మొలకెత్తబోతున్నదని ఉన్నదున్నట్లు చెప్పాడు. పద్యాలు తిప్పి పంపాడు. ఆపైన అసలు విషయానికి వచ్చాడు. పత్రికలకు పంపడం, ఇతరుల పద్యాలతో పోల్చుకోవడం, సంపాదకుడు తిప్పి పంపితే కుంగిపోవడం ఇవన్నీ మానుకోమన్నాడు. రాయకపోతే బతకలేనా అని రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు తనను తానే అడుగుకోమన్నాడు. అవునని తేలితే బతుకును ఆ అవసరానికి అనుగుణంగా మలచుకోమన్నాడు. కాదని తేలినా నష్టం లేదని, లోపలికి చేసిన ఆ ప్రయాణం ఊరికే పోదని చెప్పాడు.

దేని గురించి రాయాలి? ప్రేమ పద్యాలతో మొదలుపెట్టవద్దన్నాడు. అందరూ నడిచి అరిగిన దారిలో సొంత అడుగు కనిపించాలంటే చాలా బలం కావాలి. దానికి బదులు రోజూ చూసేవి, చిన్ననాటి జ్ఞాపకాలు, వచ్చిన కలలు, పోయినవాటి బాధలు రాయమన్నాడు. నా బతుకులో రాయడానికేమీ లేదనుకుంటే లోపం బతుకులో లేదు, చూసే కంటిలో ఉందని చెప్పాడు.

రెండో ఉత్తరం 1903 ఏప్రిల్‌లో ఇటలీలోని వియారెజ్జో సముద్రతీరం నుంచి వచ్చింది. ఒంట్లో బాగులేక అక్కడికి వెళ్లాడు. తనకు ఎప్పుడూ తోడుండే పుస్తకాలు రెండని, ఒకటి బైబిల్ అని, రెండోది డెన్మార్క్ రచయిత యాకబ్సెన్ రచనలని రాశాడు. ప్రతిదాన్నీ వెటకారంగా చూడడం కుర్రతనంలో తేలిక అని, దానికి లొంగిపోవద్దని హెచ్చరించాడు. మూడో ఉత్తరంలో మనసు కదిలించే ఒక సంగతి ఉంది. కప్పస్ ఆయన పుస్తకాలు అడిగినట్లున్నాడు. ఇవ్వాలని ఉంది కాని తన పుస్తకాలు తానే కొనలేనంత పేదవాణ్నని, పుస్తకం అచ్చయ్యాక తన చేతిలో ఉండదని రాసి, వాటి పేర్లు మాత్రం పంపాడు.

ఆ తర్వాతి ఉత్తరాల్లో కవిత్వం మాట తగ్గి బతుకు మాట పెరిగింది. ప్రేమ, దేవుడు, విచారం, ఏకాంతం. జవాబుల కోసం తొందరపడవద్దని, కొన్ని ప్రశ్నలతో కొన్నేళ్లు కాపురం చేయాలని, ఒకనాటికి తెలియకుండానే జవాబులోకి నడిచి వెళతావని సారాంశం. సైనికోద్యోగం ఊపిరి ఆడనివ్వడం లేదని కప్పస్ వాపోతే, తనను అంతగా గాయపరిచిన ఆ సైన్యాన్ని కూడా వెంటనే వదిలి రమ్మని రిల్కే చెప్పలేదు. ఏ ఉద్యోగమైనా కొంత ఇరుకే, మనసులో చోటు ఉంచుకోమని చెప్పాడు.

1904 మే నెలలో రోమ్ నుంచి వచ్చిన ఉత్తరంతో పాటు ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించవలసిన కానుక ఒకటి వచ్చింది. కప్పస్ పంపిన పద్నాలుగు పాదాల పద్యాన్ని, సానెట్‌ను, రిల్కే తన చేతిరాతతో తిరగరాసి పంపాడు. తన పద్యాన్ని వేరొకరి రాతలో చూస్తే, ఎవరిదో అన్నట్లు చదవగలుగుతాడని ఆయన ఉద్దేశం. దిద్దుబాట్లతో ఎర్రబడిన కాగితం కన్నా, పెద్దవారు ఓపికగా తిరగరాసిన ఆ కాగితం కుర్రాడికి ఎంత నేర్పిందో ఊహించుకోవచ్చు.

అదే ఏడాది స్వీడన్ నుంచి రాసిన ఉత్తరంలో ఇంకొక మాట ఉంది. నీకు ధైర్యం చెప్పే ఈ మనిషి హాయిగా బతుకుతున్నాడని అనుకోవద్దని, ఆ మాటలు అతనికి దొరికింది తన కష్టాల్లోంచేనని చెప్పాడు. గురువు స్థానంలో కూర్చున్న వారెవరూ తేలికగా ఒప్పుకోని విషయం ఇది.

కప్పస్ ఏమయ్యాడు

కప్పస్ 1883లో టెమెష్వార్‌లో పుట్టాడు. అది అప్పట్లో హంగరీ రాజ్యంలోది, ఇప్పుడు రొమేనియాలోని తిమిషోరా. హంగేరియన్, రొమేనియన్, సెర్బియన్ మాటలు కలగలిసి వినిపించే ప్రాంతంలో స్థిరపడిన జర్మన్ కుటుంబాల బిడ్డ. అతడు సైన్యంలోనే చేరాడు. చివరి ఉత్తరం 1908 క్రిస్మస్ మరునాడు రాసినది. మారుమూల కోటలో కొలువు చేస్తున్న అతనికి ఆ ఉత్తరం అందింది. స్థిరమైన ఉద్యోగంలో ఉన్నందుకు రిల్కే సంతోషం తెలిపాడు. కళకు దగ్గరలో ఉన్నట్లు కనిపిస్తూ కళను దూరం చేసే పనుల కన్నా సైనికోద్యోగమే నయమన్నాడు. అటువంటి పనుల్లో పత్రికా రచనను ముందుగా చెప్పాడు.

విధి చూడండి. కప్పస్ చివరికి పత్రికల్లోనే పనిచేశాడు. నవలలు, సినిమా కథలు రాశాడు. చాలామంది చదివారు, తర్వాత మరిచిపోయారు. రిల్కే తనను ఏ దారి పట్టవద్దన్నాడో బతుకు తనను ఆ దారికే తోసిందని తానే నిజాయితీగా ఒప్పుకున్నాడు. రిల్కే మరణించాక, 1929లో ఆ పది ఉత్తరాలను పుస్తకంగా తెచ్చాడు. తన ఉత్తరాలు అందులో చేర్చలేదు. గొప్పవాడు మాట్లాడేటప్పుడు చిన్నవాళ్లు మౌనంగా ఉండాలన్నది అతని భావన. అతని ఉత్తరాలు కూడా కలిపి జర్మన్‌లో పుస్తకం వచ్చింది 2019లో. కప్పస్ 1966లో బెర్లిన్‌లో మరణించాడు.

మరి ఆ సలహా వృథా అయ్యిందా? కప్పస్ పెద్ద కవి కాలేదు కదా అని కొలిస్తే వృథాయే. కాని పంతొమ్మిదేళ్ల వయసులో ఒక కుర్రాడు తన లోపలిదంతా కాగితం మీద పెట్టి ముక్కూమొహం తెలియని మనిషికి పంపాడు. ఆ మనిషి నవ్వలేదు, నిర్లక్ష్యం చేయలేదు, అబద్ధం చెప్పలేదు. దేశాలు మారుతూ, జబ్బుతో, అప్పులతో సతమతమవుతూ కూడా జవాబిస్తూ వచ్చాడు. ఆ కుర్రాడు ఆ కాగితాలను ఇరవై ఏళ్లకు పైగా, ఒక ప్రపంచ యుద్ధం నడిమధ్య కూడా పదిలంగా దాచుకున్నాడు. దాని విలువ అతనికి తెలుసు.

చెప్పినదాన్ని తానే బతికి చూపాడు

ఓర్పు గురించి ఇరవై ఏడేళ్ల వయసులో రాయడం తేలిక. రిల్కే దాన్ని ఆచరించవలసివచ్చింది. 1905లో రోదాకు కార్యదర్శిగా చేరాడు. 1906లో చిన్న అపార్థం మీద రోదా ఆయన్ను ఉన్నపాటున పనిలోంచి తీసేశాడు. రిల్కే పగ పెట్టుకోలేదు. 1908లో వచ్చిన కొత్త కవితల రెండో సంపుటిని రోదాకే అంకితమిచ్చాడు.

1912 జనవరిలో ఆడ్రియాటిక్ సముద్రతీరంలోని దువీనో కోటలో అతిథిగా ఉన్నప్పుడు ఒక పెద్ద కావ్యం మొదలైంది. మొదటి రెండు భాగాలు వచ్చాక ధార తెగింది. అక్కడక్కడ కొన్ని ముక్కలు వచ్చాయి. తర్వాత యుద్ధం. 1916లో ఆయన్నూ సైన్యంలోకి పిలిచారు. చిన్ననాటి పీడకల మళ్లీ ఎదుటికి వచ్చింది. మిత్రుల ప్రయత్నంతో కొన్ని నెలలకు విడుదలయ్యాడు. సామ్రాజ్యం కూలింది. పుట్టిన ఊరు కొత్త దేశానికి రాజధాని అయ్యింది. ఆయన స్విట్జర్లాండ్ చేరి, 1921లో మ్యూజో అనే చిన్న పాత రాతి కట్టడంలో స్థిరపడ్డాడు. 1922 ఫిబ్రవరిలో, కొద్ది వారాల్లోనే, పదేళ్లుగా ఆగిన పది దువీనో విలాప గీతాలూ పూర్తయ్యాయి. వాటితో పాటు ఆర్ఫియస్ మీద 55 సానెట్లు కూడా వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దపు కవిత్వంలో ఈ రెంటికీ పెద్ద పీట. పదేళ్లు రాకపోయినా కావ్యాన్ని బలవంతంగా ముగించకుండా ఉన్నందుకు దక్కిన ఫలం అది.

చివరి ఏళ్లలో ఆయన ఫ్రెంచిలోనూ వందల కవితలు రాశాడు. పలచని ఊరి భాషతో మొదలైన పిల్లవాడు రెండు భాషల కవి అయ్యాడు. 1926 డిసెంబర్ 29న రక్త క్యాన్సర్‌తో మరణించాడు. అప్పటికి యాభై ఒక్క ఏళ్లు. స్విట్జర్లాండ్‌లోని రారోన్ అనే కొండ ఊరి చర్చి పక్కన ఆయన సమాధి ఉంది.

మన బడికి వచ్చే నోటుపుస్తకం

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో ఒక తొమ్మిదో తరగతి పిల్ల గంట కొట్టాక ఆగి, తెలుగు మాస్టారి బల్ల మీద నోటుపుస్తకం పెట్టి వెళుతుంది. అందులో నాలుగు పద్యాలుంటాయి. అచ్చుతప్పులుంటాయి. సినిమా పాటల పోలిక ఉంటుంది. ఆ మర్నాడు మాస్టారు ఏమంటారన్నదాని మీద ఆ పిల్ల తెలుగు ఆధారపడి ఉండవచ్చు. ఇటువంటి చోట్ల తెలుగు చదివే పిల్లలే కొద్దిమంది. రాయాలనిపించే పిల్లలు ఇంకా కొద్దిమంది.

అద్భుతం అని వెన్ను తట్టి పంపేయడం తేలిక. తప్పులన్నీ ఎర్ర సిరాతో గీసి ఇవ్వడం ఇంకా తేలిక. రిల్కే ఈ రెండూ చేయలేదు. సొంత గొంతు ఎక్కడ వినబడిందో అక్కడ వేలు పెట్టి చూపాడు. ఆ పిల్లకు కూడా ఆ ఒక్క పాదం చూపితే చాలు. వెన్నెల గురించీ గులాబీ గురించీ కాక, తాత మగ్గం మీద పట్టు నేసేటప్పటి చప్పుడు, అమ్మ తోటలో తెల్లవారుజామున పూలు కోసే తీరు, సందు చివర కొట్టులో కన్నడంలో బేరమాడి ఇంటికొచ్చి తెలుగులో లెక్క చెప్పే నాన్న గురించి రాయమనవచ్చు. ఇంట్లో ఉన్నవన్నీ రాయదగినవే అని తెలిసిన పిల్లకు ఇంటి భాష చిన్నదిగా కనిపించదు. మాట తెలియకపోతే అమ్మమ్మను అడగమనవచ్చు. నిఘంటువు తెరవమనవచ్చు. పేరు మోసిన కవికే ఆ అవసరం పడింది.

తల్లిదండ్రుల భయం వేరు. తెలుగు పద్యాలు కూడు పెడతాయా అని. రిల్కే ఉత్తరాలు ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. ఉద్యోగం వదలమని కప్పస్‌కు ఆయన ఏనాడూ చెప్పలేదు. చదువు చదవనివ్వండి, ఉద్యోగం చేయనివ్వండి. దానితో పాటు ఆ నోటుపుస్తకానికీ అల్మారాలో చోటివ్వండి. ఆ తండ్రి యోసెఫ్ చేసిన పొరపాటు కొడుకు మంచి కోరడం కాదు. కొడుకు ఎలాంటివాడో చూడకముందే ఏం కావాలో తేల్చేయడం.

ఆ పిల్ల కవయిత్రి కావచ్చు, కాకపోవచ్చు. కప్పస్‌లా మరో పని చేసుకుని బతకవచ్చు. కాని ఒక పెద్ద మనిషి తన రాతను ఓపికగా చదివి, నిజం చెప్పిన రోజు ఆమెకు గుర్తుంటుంది. ఆ మాట తెలుగులో చెప్పారన్నది కూడా గుర్తుంటుంది.